నారుమడిలో అడుగుబద్ద

నా చిన్నప్పుడు, అంటే ఐదో తరగతి చదివే రోజుల్లో, నేను కొలవని వస్తువంటూ మా ఇంట్లో లేదు. చెక్క అడుగుబద్ద ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. గడప ఎత్తు, దూడ తోక, నాయనమ్మ జడ, అన్నిటి పొడవూ ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. సంవత్సరం వేసిన అట్ట చిరిగిపోయింది కనుక సంవత్సరం చెప్పను. లోపలి పుటల్లో ఉన్న అంకెలు మాత్రం చెబుతాను. వట్టి జ్ఞాపకం మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

మాది అవనిగడ్డకు దిగువన, కాలువ నీళ్లు అన్ని ఊళ్లూ తడిపాక చివర్లో చేరే ఊరు. ఆ ఏడు వేసిన మొదటి నారుమడి అమావాస్య పోటుకు పోయింది. సముద్రపు నీరు మురుగుకాలువలో ఎదురెక్కి, గట్టు పొర్లి, మడిలో రెండు రోజులు నిలిచింది. మూడో రోజుకు నారు చివళ్లనుంచి పసుపెక్కి మాడిపోయింది. తిండికి దాచుకున్న ధాన్యంలోంచి ఒక బస్తా తీసి, నానబెట్టి, మొలక కట్టించి, మడిని మూడుసార్లు మంచినీటితో కడిగి, మా నాన్నగారు మళ్లీ చల్లారు. అదీ పోతే మూడోసారి చల్లడానికి గింజ లేదు. మళ్లీ ఏడాదికి తినడానికీ ఉండదు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. నాన్నగారైతే ఏ మాటా అనడం మానేశారు. సాయంత్రం అన్నంలో పన్నెండు ముద్దలు తినే మనిషి నాలుగు ముద్దలకే కంచంలో చెయ్యి కడిగేసేవారు. పక్కన కూర్చుని లెక్కపెట్టేదాన్ని కనుక ఈ అంకె నాకు తెలుసు.

చల్లిన ఐదో రోజు సాయంత్రం ఆయన కంచం ముందు కూర్చుని, "వేరు పట్టిందో లేదో" అని తనలో తాను అనుకున్నారు. దానికి సమాధానం చెప్పగలదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే అనిపించింది.

పొద్దున్నే మడి దగ్గర పిట్టలు తోలే పని నాది. మర్నాడు గట్టుమీద కూర్చుని పది మొక్కలు లాగి, వేళ్లు కడిగి, అడుగుబద్ద మీద పెట్టి చూశాను. సగటున ఒకటిన్నర అంగుళం. మళ్లీ వాటిని ఎక్కడివక్కడ బురదలో గుచ్చేశాను. సాయంత్రం ఆ అంకె చెబితే నాన్నగారు తలెత్తి నావైపు చూశారు. ఆ పూట ఏడు ముద్దలు తిన్నారు. ఎలా తెలిసిందని అడగలేదు. అడిగే ఓపిక ఆయనకు లేదు. పది మొక్కల సగటు నమ్మదగింది కాదనిపించి మర్నాడు ఇరవై లాగాను. ఆ తర్వాత నలభై, అరవై, ఎనభై, చివరికి నూరు. ఒకటి లాగితే పక్కనున్న మూడు కదిలేవి. ఆ కదిలినవి నా లెక్కలో లేవు. కొలవడం మొదలెట్టిన ఆరో రోజుకు వేరు రెండుంబావు అంగుళాలు. ముద్దలు పదకొండు.

ఏడో రోజు పొద్దున నాన్నగారు గట్టుమీద నిలబడి ఉన్నారు. మురుగుకాలువ వైపు గట్టు పొడవునా నారు చివళ్లు పసుపెక్కాయి. మొదటి మడి కూడా సరిగ్గా ఆ గట్టునుంచే, అలాగే మొదలైంది. ఆయన పాకలోకి వెళ్లి గేదెలు రెండింటినీ విప్పుకొచ్చారు. పోయిన నారును పశువులకు మేపడం మా వైపు మామూలే. గేదెలు ఒకసారి దిగాక మడి అనేది మిగలదు.

చద్దన్నం గిన్నెతో వచ్చిన నాయనమ్మ ఆ పలుపులు చూసి ఆగిపోయింది.

"ఏం చేస్తన్నావురా?"

"ఉప్పెక్కిందమ్మా. ఇంక లేదు. గొడ్లన్నా తింటాయి."

నాయనమ్మ గిన్నె కింద పెట్టి, మడి నీళ్లలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. "ఉప్పు లేదు."

"నీ నాలిక్కి ఇప్పుడేం తెలుస్తది?"

"నలభయ్యేళ్లుగా నువ్వు తిన్న కూరలో ఉప్పు చూసింది ఈ నాలికే. నువ్వు చూశావా?"

నాన్నగారు ఈసారి మడి నీళ్లు నోట పెట్టి చూడలేదు. మొదటిసారి చూసిన రుచి ఆయన నోట్లోంచి ఇంకా పోలేదని ఇప్పుడు అర్థమవుతోంది.

నాయనమ్మ వంగి గట్టు పొడవునా చూసింది. పసుపుచార ఎక్కడా ఒక మూరెడు దాటలేదు. గట్టుమీద కూర్చుని చిన్నపిల్ల చెయ్యి చాపితే అందేంత. నా గోళ్లలో బురదను కూడా చూసిందనుకుంటాను. నన్నేమీ అడగలేదు. ఆమె పుట్టిల్లు ఘంటసాల. పాత బౌద్ధుల దిబ్బ ఉన్న ఊరు. బుద్ధుడి వెనకటి జన్మల కథలు, జంతువులవి, ఆమెకు బోలెడు వచ్చు. గట్టుమీద చతికిలబడి, కొడుకువైపు తిరిగి ఒక కథ ఎత్తుకుంది. గేదెలు పచ్చటి నారుకేసి మెడలు సాచి పలుపులు గుంజుతుంటే, ఆయన రెండు కాళ్లూ తన్నిపెట్టి నిలబడి విన్నారు.

రాజుగారి తోటమాలి పండగ చూడ్డానికి వెళ్తూ తోటలోని కోతులకు మొక్కలు అప్పజెప్పాడు. కోతులు మాట ఇచ్చాయి. నీళ్లు దండగ కాకూడదని వాటి పెద్ద ఒక ఉపాయం చెప్పింది. ప్రతి మొక్కనూ పీకి వేరు చూడండి, పొడుగు వేరుకు ఎక్కువ, పొట్టి వేరుకు తక్కువ పొయ్యండి, అంది. కోతులు ఒక్క మొక్కనూ వదలకుండా అంతా శ్రద్ధగా చేశాయి. తోట ఎండిపోయింది. ఆ దారిన పోతున్న ఒక జ్ఞాని చూసి, పాపం, వీటికి ప్రేమ ఉంది, ఒళ్లు వంచి పని చేసే గుణమూ ఉంది, మొక్క మీద నమ్మకమే లేకపోయింది, అన్నాడట.

"అయ్యి చెడ్డయ్యి కావురా" అంది నాయనమ్మ. చివరి వరకూ నావైపు చూడలేదు.

నేను నోటుపుస్తకం తెచ్చి నాన్నగారి ముందు తెరిచి పట్టుకున్నాను. ఆరు వరుసలు. పది, ఇరవై, నలభై, అరవై, ఎనభై, నూరు. ఆయన పెదవులు కదుపుతూ చదివారు.

"ఎందుకు పీకావమ్మా?"

"అంకె చెప్తే నువ్వు అన్నం తింటన్నావని."

ఆయన పలుపులు నాయనమ్మ చేతికిచ్చి వంగారు. దోసెడు మడినీళ్లు తీసి నోట్లో పోసుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత మింగేశారు. ఆయన ముఖం తడిసింది నీళ్లవల్లేనా అన్నది నేను నిర్ధారించుకోలేదు. గేదెలు పాకలోకి తిరిగి వెళ్లాయి.

గట్టు పక్క నారు చచ్చిపోయింది. మిగిలింది బతుకుతుందో లేదో ఆ రోజు ఎవరికీ తెలియదు. చివరికి మూడెకరాలకు చల్లిన నారు రెండెకరాలకు వచ్చింది. పోయిన మూడో ఎకరాన్ని నా లెక్కలోనే వేసుకున్నాను. ఆ ఏడు వేసవిలో మేము ఒంటిపూట తిన్నాం. ఆ మూడో ఎకరం గురించి నాన్నగారు బతికున్నన్నాళ్లూ ఒక్క మాట అనలేదు.

మొన్నామధ్య మా చెల్లెలు బందరులో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు, రోజుకు పదిసార్లు దాని కొడుక్కి ఫోను చేసి జ్వరం ఎంతని అడగాలని చెయ్యి లాగేది. నిద్రపోతున్న మనిషిని లేపి చూడాలి కదా. ఉదయం ఒక్కసారి అడిగి, ఫోను బల్ల మీద బోర్లించేదాన్ని.

ఆ పుస్తకంలో ఏడో వరుస ఖాళీగా ఉంది. ఆ సాయంత్రం నాన్నగారు కంచం ముందు కూర్చుని, అలవాటుగా, "ఎంతుందమ్మా?" అన్నారు. "కొలవలేదు నాన్నా" అన్నాను. ఆయన తలూపి అన్నం కలుపుకున్నారు. నేను లేచి వాకిట్లోకి వెళ్లిపోయాను. ఆ పూట ఆయన ఎన్ని ముద్దలు తిన్నారో నాకు తెలియదు.