ముందు ఎవరూ లేని రోడ్డు

బస్సులో పనిచేసినన్నాళ్ళూ కండక్టరు రోడ్డును ఎదురుగా చూసిన పాపాన పోలేదు. ఆయన చూసిందల్లా వెనకద్దంలోంచి పారిపోయే రోడ్డు, లేదంటే నిలబడ్డవాళ్ళ చంకల సందుల్లోంచి కనపడే కిటికీ ముక్క. ముందు సీటూ, ముందద్దమూ, ముందున్న దారీ డ్రైవరు సొత్తు. టీ తాగేటప్పుడు డ్రైవరు, "ఆ మలుపు దగ్గర కొండ మీదికి మబ్బు దిగింది, చూశావా?" అనేవాడు. "ఆ మలుపు దగ్గరే కదా ఒకాయన నా కాలు తొక్కింది!" అనేవాడు ఈయన.

అందుకే రిటైరయ్యాక, పక్కవీధి టీచరమ్మ ఓ పదిమందిని కూడగట్టి, దేశానికి ఈ చివర సముద్రం నుంచి ఆ చివర సముద్రం దాకా సైకిళ్ళు తొక్కుకుంటూ పోదాం అనగానే, ముందూ వెనకా చూడకుండా చెయ్యెత్తేశాడు. ఇంటికొచ్చి చెబితే భార్య కుట్టుమిషను ఆపి బుగ్గలు నొక్కుకుంది.

"మోకాళ్ళు నొప్పులని మేడ మెట్లెక్కడం మానేసిన మనిషి దేశం దాటతారట!"

"రోడ్డుని ఒక్కసారి ముందునుంచి చూడాలే" అన్నాడు.

ఆవిడ ఆ సాయంత్రమే సైకిలు సీటుకి మెత్తటి తొడుగు కుట్టిపెట్టింది.

బయల్దేరాక జరిగింది వేరు. అందరూ ఒకరి వెనక ఒకరు బారుగా వెళ్ళాలని టీచరమ్మ పెట్టిన రూలు. ముందున్నవాళ్ళకి ఎదురుగాలి తగులుతుంది కాబట్టి రోజుకొకరు ముందుండాలి. ముందున్న మనిషి ఆగితే అందరూ ఆగాలి, తిరిగితే అందరూ తిరగాలి. ముందున్న మనిషి "గొయ్యి!" అనో "కుక్క!" అనో అరిస్తే ఆ మాట ఒకరి నోటినుంచి ఒకరి నోటికి చివరిదాకా అందాలి. ఇంతవరకూ బాగానే ఉంది. మొదటి రోజే, బారులో చివరనున్న పళ్ళ డాక్టరు ఎండకి కళ్ళు తిరిగి దారి పక్కన కూలబడ్డాడు. మిగతావాళ్ళు చూసుకోకుండా సాగిపోయారు. తల ఒకటి తగ్గిందని పసిగట్టింది కండక్టరే. ఉన్నపళంగా వెనక్కెళ్ళి, మొహం మీద నీళ్ళు చల్లి, పక్కనే నడిపించుకుంటూ తీసుకొచ్చాడు.

టీచరమ్మ తన మెడలో ఈల తీసి ఆయన మెడలో వేసింది. "ఇక మీరు చివరే ఉండాలన్నయ్యా. మీరు వెనకుంటే మేం గుండె మీద చెయ్యేసుకుని తొక్కొచ్చు."

"గుండె మీద చెయ్యేస్తే హ్యాండిలెవరు పట్టుకుంటారండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు. ఒళ్ళు కుదుటపడితే చాలు, ఆయన నోరు ఊరుకోదు.

అందరితోపాటు కండక్టరూ నవ్వాడు. కానీ లోపల ఉసూరుమన్నాడు. బస్సు దిగి ఇంతదూరం వచ్చి మళ్ళీ ఫుట్‌బోర్డే ఎక్కినట్టయింది. పొలాలు దాటారు, వంతెనలు దాటారు, ఫ్యాక్టరీల పక్కనుంచి వెళ్ళారు. అన్నిటికీ ముందు ఆయనకు కనపడింది ఎవరిదో ఒకరి చెమట చొక్కా. "కొండ!" అన్న కబురు తనదాకా వచ్చేసరికి ఆయన కొండ సగం ఎక్కేసి రొప్పుతూ ఉండేవాడు. అయినా నోరు మెదపలేదు. ఫోనులో భార్య, "అడగడానికేమండీ, నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని రోజూ సతాయించేది.

ఆఖరి రోజుకు ముందురోజు, ఓ సైకిలు షాపు రేకుల కింద టైర్లకు గాలి కొట్టించుకుంటుంటే, ఇప్పుడు అడక్కపోతే ఇక ఈ జన్మకి లేదనిపించింది.

"టీచరమ్మా, రేపు ముందు నేనుంటానమ్మా" అన్నాడు, ఎటో చూస్తూ.

"అయ్యో, ఇన్నాళ్ళూ అడగొచ్చుగా అన్నయ్యా!"

"ఎక్కడికెళ్ళాలో జనం నాతో చెప్పడమే గానీ, నాకెక్కడికెళ్ళాలనుందో ఎవరికీ చెప్పిన అలవాటు లేదమ్మా."

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఈల తీసి పళ్ళ డాక్టరు మెడలో వేసేసింది.

మర్నాడు పొద్దున్నే కండక్టరు ముందు. ఛాతీకి గాలి తగిలేసరికి ఆయనకు ఈలేసి గంతులెయ్యాలనిపించింది. ఆ సంబరం మొదటి బస్టాపు దాకానే. స్టాపు కనపడగానే కాళ్ళు వాటంతటవే తొక్కడం మానేశాయి, చేతులు బ్రేకులు నొక్కేశాయి. ఆయన ఆగాడు. రూలు ప్రకారం అందరూ ఆగారు. కొందరు సీసాలు తీసి నీళ్ళు కూడా తాగారు.

"ఏమైందన్నయ్యా?"

"ఏం లేదమ్మా, పొరపాటు."

రెండో స్టాపులోనూ అదే తంతు. మూడోదాంట్లో సంచీ పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ ఒకరు ఆశగా చూస్తే, "వెనకాల ఇంకోటి ఖాళీగా వస్తోందమ్మా!" అని నోటికొచ్చింది అనేశాడు. వెనక పదిమంది సైకిళ్ళ మీదే పడీపడీ నవ్వారు.

కండక్టరుకు ఈ లెక్కన ముందు చోటు కాస్తా పోతుందని బెంగ పట్టుకుంది. "ఇంకెక్కడా ఆపనమ్మా, ఒట్టు. నన్ను మాత్రం వెనక్కి పంపకు" అన్నాడు టీచరమ్మతో. ఆ గొంతు వినేసరికి నవ్వేవాళ్ళు నవ్వు ఆపేశారు.

"మిమ్మల్నెవరు పంపుతారండీ! స్టాపు స్టాపుకీ ఆపండి, మా కాళ్ళూ పీక్కుపోతున్నాయి" అన్నాడు పళ్ళ డాక్టరు చివరినుంచి.

ఊళ్ళు అయిపోయాయి, స్టాపులూ అయిపోయాయి. మిగిలింది పొడుగాటి ఎత్తు ఒక్కటే. మోకాళ్ళు మొరాయిస్తున్నా ఆయన దిగలేదు. ముందు మనిషి లేడు, చొక్కా లేదు. నల్లటి రోడ్డు నేరుగా ఆయన కాళ్ళ దగ్గరికే వస్తోంది. ఎత్తు మీదికి చేరగానే దూరంగా, ఆకాశం కింద గీత గీసినట్టు నీలంగా కనపడింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. సముద్రమే. మనసు నిండిపోయింది.

వాలులోకి సైకిలు దానంతటదే జారుతోంది. కాసేపటికి టీచరమ్మ రొప్పుతూ పక్కకొచ్చింది.

"సముద్రం కనపడుతుంటే అరవలేదేంటన్నయ్యా? కనపడగానే చెప్పాలిగా!"

"చెబుదామనే అనుకున్నానమ్మా" అన్నాడు కండక్టరు, కళ్ళు దానిమీదనుంచి తియ్యకుండా. "కాసేపు నా ఒక్కడికే ఉంచుకున్నా."