కల్లంలో పీట

నా చిన్నప్పుడు మా అమ్మ కల్లం నుంచి ఇంటికొచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. వంగిన నడుము నిలబెట్టుకోవడానికి ఆమెకు కాసేపు పట్టేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

మా మాచవరం వైపు మిరపకాయలు ఎండాక ఆడకూలీలు కల్లంలో గొంతుక్కూర్చుని, తెల్లబారిన తాలుకాయలు ఏరేవాళ్లు. పొద్దుగూకేదాకా అదే పని. మా ఆసామి పీట వేసుకోనిచ్చేవాడు కాదు. పంట లక్ష్మి అట, లక్ష్మి ముందు కూలిమనిషి ఎత్తు మీద కూర్చుంటే కలిసిరాదట. ఆయన మాత్రం అదే కుప్ప పక్కన మంచమేసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఏరింది బాగలేదని వంకలు పెట్టేవాడు. ఆయన మీద ఏ లక్ష్మీ అలగలేదు మరి!

ఒకరోజు అమ్మ లేవబోయి, లేవలేక కాయల మీదే ఒరిగిపోయింది. మర్నాడు నేనూ వెంట వెళ్లాను. అమ్మతోపాటే కాయలేరే మా మేనత్త ఇంట్లోంచి పీట తెచ్చి అమ్మను కూర్చోబెట్టింది. గంప బోర్లించి దాని మీద కాయల చాట పెట్టింది. "పనే చేతికందాల వదినా, నువ్వు పని మీదకి వంగమాక" అంది.

ఆసామి వచ్చాడు. అమ్మను లేపి, పీటను కాలితో అవతలికి తన్నాడు. "దొరసానులయ్యారా ఏందే? రేపట్నించి పనికి రామాకండి!"

అత్త గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె చాట తెచ్చి ఆయన ముందు పెట్టింది. "పోతాంలే బాబాయ్. మేం ఏరింది బాగలేదంటావుగా, కూచోని ఏది తాలో చూపియ్యి" అంది. అందరి ముందూ కాదనలేక ఆయన గొంతుక్కూర్చున్నాడు. ఒక చాట కాగానే అత్త ఇంకోటి తోసింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆయన లేవబోయాడు. నడుము పట్టేసింది, చెయ్యి ఇవ్వమన్నాడు. అత్త చెయ్యి ఇవ్వకుండా పీట జరిపింది. ఆయన మూలుగుతూ దాని మీదే కూలబడ్డాడు.

అప్పుడు అరిచింది అత్త. "నీకు ఒక్క పూట బాబాయ్! మా వదినకి పెళ్లైనకాడ్నించీ ఇదే. ఆమెది నడుం కాదా?"

ఆయన ఎవరినీ పని మానిపించలేదు. మర్నాటి నుంచి అందరూ పీటలు తెచ్చుకున్నారు. కానీ అమ్మ నడుముకు అప్పటికే ఆలస్యమైపోయింది. పోయేదాకా వంగే నడిచింది.

ఇప్పుడు ఆఫీసుల్లో నడుముకు ఆనే కుర్చీలు వేస్తున్నారట, సంతోషమే. మొన్న నరసరావుపేటలో బట్టల కొట్టుకు వెళ్తే, చీరలు చూపించే అమ్మాయి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతూ నిలబడి ఉంది. కూర్చోమంటే, "ఓనరు తిడతాడు అమ్మమ్మా" అంది చిన్నగా. నా ఒంట్లో అత్త లేచింది. నాకు వేసిన కుర్చీ లాగి ఆ పిల్ల వెనక పెట్టాను. "ఈ పిల్ల కూర్చుంటేనే నేను కొనేది!" అని కొట్టంతా వినపడేలా అరిచాను.

ఆ పిల్ల ఓనరు వంక బెదురుగా చూసి, కుర్చీ అంచున కూర్చుంది. నేను నిలబడి, ఆ పిల్లను లేవనివ్వకుండా, కొట్లో ఉన్న చీరలన్నీ ఒక్కొక్కటే విప్పించుకుని తీరిగ్గా చూశాను.