వీపు లేని గవ్వ

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఒక వేసవిలో, మద్రాసులోని ఒక మ్యూజియంలో గవ్వలూ శంఖాలూ చూసుకునే శాఖ నుంచి నన్ను మార్కాపురం పంపారు. అప్పట్లో అది కర్నూలు జిల్లా. నా హోదా రెండో తరగతి అసిస్టెంటు, అదీ ప్రొబేషన్ మీద. అంతకుముందే ఒక సొరుగులో ఉండాల్సిన శంఖాలను ఇంకో సొరుగులో పెట్టి సూపరింటెండెంటుగారి చేత చీవాట్లు తిన్నాను. మరొక్క పొరపాటు జరిగితే గుమస్తాల గదికి పంపిస్తానని ఆయన కాగితం మీదే రాసిచ్చారు.

పలకల గనిలో, రెండు పలకల సందున ఒక గవ్వ దొరికిందని గని మేస్త్రీ ఉత్తరం రాయించాడు. గవ్వ అంటే సముద్రపు నత్త కట్టుకునే ఇల్లు. మార్కాపురానికి సముద్రం ఎంత దూరమో, ఆ పలకరాయి ఎంత పాతదో తెలిసినవాళ్లకు అది చిన్న వార్త కాదు.

మేస్త్రీ నా చేతిలో పెట్టిన గవ్వ బొటనవేలి గోరంత ఉంది. అడుగున సన్నని చీలిక, దానికి రెండు పక్కలా పళ్లు, అంచుల్లో చిన్న బుడిపెలు. అంతవరకూ ఆటల్లో వేసే గవ్వే. పైన మాత్రం గుండ్రంగా ఉబ్బి ఉండాల్సిన వీపు లేదు. బల్లపరుపుగా ఉంది, మధ్యలో నున్నటి అంచులతో పెద్ద చిల్లు. మా శాఖలో పెచ్చు ఊడిన గవ్వను అల్మారాలోకి రానివ్వం. దూదిలో పెట్టినవన్నీ నిండు గవ్వలే. అందుచేత ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ఎద్దుల మెడల్లో కనిపించే ఉంటుంది గానీ, నేను చూసింది ఎద్దును.

ట్రావెలర్స్ బంగళాలో కూర్చుని కొలతలు తీశాను. నియమం ప్రకారం రిజిస్టరులో ఎక్కించి, ఆ నంబరును గవ్వ అడుగున చెరగని సిరాతో రాశాను. ఇది కొత్త జాతి అని నివేదిక రాసి, దానికి సూపరింటెండెంటుగారి పేరే పెట్టాను. వీపు లేని నత్త ఎలా బతుకుతుందన్న సందేహమే రాలేదు. నా ఉద్యోగం ఖాయమైపోయిందన్న సంతోషంలో ఉన్నాను.

నివేదికను కవరులో పెడుతుండగా సుబ్బమ్మ వచ్చింది. గని పక్కన గొర్రెలు మేపుకునే ముసలామె. మేస్త్రీ పంపించాడట.

“మా పొట్టేలు గవ్వ నీ కాడ ఉందంట గదా నాయనా,” అంది. మెడపట్ట తెగి గవ్వలు రాలిపోయినాయని, అన్నీ ఏరుకున్నా ఒక్కటి పలకల సందులోకి జారిపోయిందని చెప్పింది.

దీనికి వీపేదని అడిగాను.

“రాయి మీద అరగదీస్తాం. లేకుంటే దారం యాడ దూరుతాది? పట్ట మీద అణిగి ఎట్ల కూచుంటాది?” నా మొహంలోకి చూసి, “ఇది చూసేదానికి మద్రాసు నుంచి వచ్చినావా?” అంది. సంచిలోంచి పట్ట తీసి చూపించింది. దాని నిండా నా కొత్త జాతే.

నివేదిక ఉన్న కవరును రిజిస్టరు కిందికి తోశాను. ఆమె గవ్వ ఇమ్మంది. వచ్చే వారం జాతరట, మధ్యలో ఖాళీ ఉన్న పట్టతో పొట్టేలును తోలుకుపోతే నలుగురూ నవ్వుతారట. కానీ రిజిస్టరుకెక్కిన నమూనాను పైవారి అనుమతి లేకుండా ఇవ్వకూడదు. అనుమతి అడగాలంటే సంగతంతా చెప్పాలి. గవ్వ పోయిందని రాసేద్దామా అని కాసేపు ఆలోచించాను. చివరికి జరిగింది జరిగినట్టు రాసి, మొదటి నివేదికను కూడా జతచేసి టపాలో వేశాను. జవాబు వచ్చేదాకా గుమస్తాల గదిలో నా కుర్చీ ఎక్కడ వేస్తారా అని ఊహించుకుంటూ గడిపాను.

ఐదో రోజు జవాబు వచ్చింది. గవ్వను పొట్టేలుకు తిరిగి అప్పగించవలెనని, తన పేరును దాని మెడకు కట్టకుండా ఆపినందుకు అసిస్టెంటును ప్రస్తుతానికి శాఖలోనే ఉంచవలెనని సూపరింటెండెంటుగారు రాశారు. గవ్వ అడుగున సిరా మాత్రం చెరగలేదు. చిల్లున్న వైపు పట్టకు ఆనించి, నంబరు పైకి కనిపించేలా సుబ్బమ్మ దాన్ని అలాగే కుట్టేసింది. ఆ ఏడు జాతరకు ఆ పొట్టేలు మ్యూజియం నంబరుతోనే వెళ్లింది.

మా రిజిస్టరులో నమూనా ఎక్కడ దొరికిందో రాసే గడి ఉండేది. అంతకుముందు ఎవరి దగ్గర ఉండేదో రాసే గడి లేదు. రిటైరయ్యేదాకా ఆ గడిని ప్రతి పేజీలో నేనే గీసుకున్నాను.