పై గడిలో పేరు

ఆ రోజుల్లో కంప్యూటరు నేర్పడానికి వెళితే ముందు దానికి జరిగే పూజలు చూడాల్సి వచ్చేది. మాది ఎరువులు అమ్మే సంస్థ. తెనాలిలో పెద్దాఫీసు, బాపట్లలో, రేపల్లెలో గోడౌన్లు. బస్తాల రాకపోకలన్నీ ఇకమీదట కంప్యూటర్లోనే ఎక్కించాలన్నారు. ఆ కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పే పని నా నెత్తిన పడింది. బాపట్లలో కాటా దగ్గరుండే ఆయన చెప్పులు బయట విడిచి, మౌసుని కళ్ళకద్దుకుంటే కానీ కూర్చునేవాడు కాదు. "మీ పూజ అయితే పాఠం మొదలెడదాం బాబాయ్‌గారూ" అనేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

రేపల్లెలో ఒకావిడ ఉండేది. భర్త అదే ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ పోతే, ఆ ఉద్యోగం ఆవిడకిచ్చారు. ఆయన బల్లే, ఆయన కుర్చీయే. మౌసు పట్టుకోవడం ఒక్క పూటలో వచ్చేసింది. లారీ దిగిన యూరియా ఎక్కించడం, ఊళ్ళకి వెళ్ళింది తీసేయడం, తప్పు పడితే వెనక్కి రావడం, ఏది చెప్పినా ఇట్టే అందుకునేది. ఒక్కటే తంటా. పొద్దున్నే ఆ సాఫ్ట్‌వేర్ తెరవదు. పై గడిలో ఆ సీటుకి ఆఫీసు ఇచ్చిన పేరు, కింది గడిలో పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది, అంతే. సరిగ్గా అప్పుడే ఆవిడకి మంచినీళ్ళు గుర్తొచ్చేవి. సీసా నింపుకుని వచ్చేసరికి పక్క సీటాయన తెరిచిపెట్టేవాడు.

మేనేజరుగారు ఎన్నాళ్ళని చూస్తారు? "తెరవడమే రాని మనిషికి సీటెందుకండి? గోడౌన్లో రోజుకూలి కింద పెడదాం. శనివారం మీ ఎదురుగా ఒక్కరే తెరవాలి. తెరవలేకపోతే ఆ మాటే పెద్దాఫీసుకి రాసెయ్యండి" అన్నారు నాతో.

శనివారం తెనాలిలో మొదటి రైలెక్కాను. దారి పొడుగునా చిరాకే. అన్నీ వచ్చిన మనిషి గుమ్మం దగ్గర ఆగిపోవడమేంటి? ఆఫీసులో ఊడ్చే మనిషి తప్ప ఎవరూ లేరు. ఆవిడ మాత్రం నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

"కొట్టండి పిన్నిగారూ" అన్నాను.

చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏంటండీ, ఏనుగంతా వెళ్ళి తోక దగ్గర చిక్కుకుంటారు?"

ఆవిడ మెల్లగా అడిగింది. "కింది గడిలో చుక్కలు పడతాయి కదమ్మా. పై గడిలో కూడా చుక్కలే పడేట్టు చెయ్యలేవా?"

"పై గడిలో దాచడానికేముందండీ? పేరేగా!"

"అది వారి పేరమ్మా."

పక్కాయన కొడుతుంటే ఆ పేరు ఎన్నోసార్లు చూశాను. అదెవరిదని అడగాలని తోచలేదు. ఆయన బతికుండగా సీట్లకి పేర్లు ఎక్కించారట. మార్చాలని పెద్దాఫీసులో ఎవరికీ గుర్తు లేదు.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారీ నోటితో అన్లేదు. జనాభా లెక్కలవాళ్ళొచ్చినా పిల్లాడి చేతే చెప్పించాను" అంది.

నా కోపం నీరుగారిపోయింది. "దీనికింత బాధెందుకండీ? తెనాలికి ఫోన్ చేస్తే క్షణంలో మీ పేరు పెట్టేస్తారు" అని లేవబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. అది తీసేస్తే ఈ ఆఫీసులో వారి పేరు ఇంకెక్కడా ఉండదు."

కొంగుతో వేళ్ళు తుడుచుకుని, ఒక్క వేలితో మొదలుపెట్టింది. ఒక అక్షరం కొట్టడం, అది తెర మీద పడేదాకా చూడడం, మళ్ళీ ఇంకోటి. పెదాలు మాత్రం కదపలేదు. ఆ పేరేంటో నేనూ ఇక్కడ రాయను. ఆవిడ నోట రానిది నా కలాన రావడం బాగుండదు. బాపట్లలో అంత వెటకారం చేసిన దాన్ని, ఆ గదిలో నాకే చెప్పులు విప్పాలనిపించింది.

కింది గడిలో చుక్కలు పడ్డాయి. మీట నొక్కింది. తెర ఒక్కసారి ఖాళీ అయి, నడిమధ్యన పెద్ద అక్షరాల్లో 'వెల్‌కమ్' అనీ, దాని పక్కన ఆయన పేరూ వచ్చాయి.

ఆవిడ గభాలున లేచి నిలబడింది. పమిట భుజం మీదికి లాక్కుంది. ఆయన పనినుంచి ఇంటికొచ్చినప్పుడు అలాగే లేచేది కాబోలు.

సరిగ్గా అప్పుడే మేనేజరుగారు లోపలికొచ్చారు. "తెరిచారా అండి?" అని నన్నడిగారు.

"తెరిచారండి. ఒక్కరే" అన్నాను.

తనని చూసే లేచిందనుకుని ఆయన మొహమాటపడ్డారు. "కూర్చోండమ్మా, పరవాలేదు, కూర్చోండి" అన్నారు.

ఆ పేరు తెర మీంచి వెళ్ళిపోయేదాకా ఆవిడ కూర్చోలేదు.