ఆ ఇద్దరు అక్కాచెల్లెళ్ళలో ఒకరు

ఇది ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. రోజూ డైరీ రాసే దాన్ని, ఆ రోజు పేజీ మాత్రం ఖాళీగా వదిలేశాను. రాస్తే మళ్ళీ జరుగుతుందేమోనని భయం. నమ్మినా నమ్మకపోయినా జరిగింది జరిగినట్టే చెప్తాను... మా అమ్మ మీద ఒట్టు.

ఆ రాత్రి ఎవరో నా జుట్టు జడ అల్లారు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

మా ఫ్లాట్ ఈ ద్వీప నగరంలో, టోవా పాయో అనే పేటలో. మాకు రెండంతస్తుల పైన రోజలిన్ ఆంటీ ఒక్కరే ఉంటారు. ఎనభై దాటాయి. చూస్తే దొరసానిలా ఉంటారు, నోరు తెరిస్తే తెలుగు. వాళ్ళాయన, పోయిన అంకుల్, జొహోర్ రబ్బరు తోటల్లో పుట్టిన తెలుగాయన. అత్తగారి వంటింట్లో నేర్చుకున్న తెలుగు అది, మధ్యమధ్య తమిళం, చివర్న ఒక 'లా'. ఆంటీ అమ్మమ్మ తండ్రి మాత్రం స్విట్జర్లాండ్ మనిషి. పేరు యాకోబ్. తెల్లవాళ్ళ పాలనలో, ఇక్కడి బట్టల వ్యాపారంలో గుమాస్తాగా వచ్చాడట.

ఒకరోజు లిఫ్టులో మా అమ్మ అనేసింది. "మా పిల్ల ఎప్పుడూ పుస్తకాల్లోనే ఉంటుంది ఆంటీ. మీ పాత చుట్టరికాల చిక్కు దానికి అప్పగించండి, కూర్చుని విప్పుతుంది." నేను నేల చూస్తూ నిలబడ్డాను. కాదనడం నాకు చేతకాదు.

చిక్కు ఇదీ. ఇక్కడ సమాధులను ఎల్లకాలం ఉండనివ్వరు. ఆంటీ అమ్మమ్మ సమాధిని ఎప్పుడో తవ్వేసి, అస్థికలను గోడలో ఒక గూట్లో పెట్టారు. ఆ గూటికి ఆంటీ కొత్త రాతిపలక చేయిస్తున్నారు. పైన అమ్మమ్మ పేరు, కింద ఆమెను కన్నతల్లి పేరు. కానీ ఆ కన్నతల్లి ఎవరో తెలియదు.

గోడ మీద ఒక ఫొటో ఉంది. కుర్చీలో యాకోబ్. వెనక ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, తలల చుట్టూ కిరీటంలా చుట్టిన జడలు. ఒకరు వెరేనా, ఒకరు రెగులా. ఇద్దరూ ఒకే పోలిక. ఒకామెను యాకోబ్ పెళ్ళాడాడు. ఆడపిల్ల పుట్టింది, పురిట్లోనే తల్లి పోయింది. తర్వాత రెండో ఆమెను చేసుకున్నాడు. మొదటామెకు పుట్టిన ఆ పిల్లే ఆంటీ అమ్మమ్మ. ఆమె పేరు కూడా రెగులా.

"అమ్మమ్మ వాళ్ళ పేర్లు ఎత్తేది కాదు," అన్నారు ఆంటీ. "పోయినామెను అమ్మ అనేది. పెంచినదాన్ని 'అది' అనేది. అంతే లా."

"ఏం చేసింది ఆంటీ ఆవిడ?"

"జడ వేసేది."

నాకు అర్థం కాలేదు.

"అన్నం ఒలికితే జడ. గట్టిగా నవ్వితే జడ. కళ్ళు మూతపడనంత బిగించి అల్లి, కొస మంచం కోడుకు కట్టేసేది. పసిపిల్ల అమ్మాయ్... తెల్లార్లూ అలా కూర్చునేది." ఆంటీ ఫొటో వైపు చూడలేదు. "ఇప్పుడు రెండు పేర్లు మిగిలాయి. ఒకటి రాతి మీదకు ఎక్కుతుంది. రెండోది నాతో పాటే పోతుంది. దానికి ఇంకెవరూ దీపం పెట్టకూడదు, పేరు పలకకూడదు. నేను బతికుండగా చేయగల శిక్ష అదొక్కటే."

ఎంత మెల్లగా అన్నారో.

ఆంటీ ఇచ్చిన పాత కాగితాల్లో కొన్ని వారాలు వెతికాను. ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఎవరు ముందు పోయారో ఎక్కడా లేదు. చివరికి ఒక ఆలోచన తట్టింది. పురిట్లో తల్లి పోతే, మా వైపు బిడ్డకు ఆ తల్లి పేరే పెట్టుకుంటారు. మా పెదనాన్న ఇంట్లో అలాగే జరిగింది. బిడ్డ పేరు రెగులా. అంటే పోయిన తల్లి రెగులా. అయితే జడ వేసింది... వెరేనా.

ఆ సాయంత్రం తలస్నానం చేసి, తడి జుట్టు వదిలేసుకుని, అలాగే పైకి పరిగెత్తాను. బయట వాన. ఆంటీ నా మాట పూర్తిగా విన్నారు. ఫొటో దగ్గరకు వెళ్ళారు.

"వెరేనా," అన్నారు. "ఇన్నాళ్ళకు దొరికావు."

అక్కడే నిలబడి రాయి చెక్కే అతనికి ఫోన్ చేశారు. రెగులా అని చెక్కమన్నారు. మర్నాడు పని మొదలుపెడతానన్నాడట.

"కూర్చో గర్ల్. కోపి పెడతాను," అని కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళారు.

నేను ఫొటోకు ఎదురుగా పేముకుర్చీలో కూర్చున్నాను. చీకటి పడింది. వాన శబ్దం. వంటింట్లో చెంచా గ్లాసుకు తగులుతున్న చప్పుడు... టింగ్... టింగ్.

తర్వాత ఇంకో చప్పుడు.

సర్ర్... సర్ర్...

దువ్వెన. తడి జుట్టులో దువ్వెన దిగే చప్పుడు. ఫ్యాను అనుకున్నాను. ఫ్యాను తిరగడం లేదు.

చల్లటి వేళ్ళు నా మెడ వెనక తగిలాయి.

నేను కదల్లేదు. కదల్లేకపోయాను... వేళ్ళు జుట్టును మూడు పాయలు చేశాయి. తొందర లేదు. ఒక పాయ మీద ఇంకో పాయ. లాగడం. మళ్ళీ ఒక పాయ. లాగడం. ఎంతో అలవాటైన చేయి అది. చిన్నప్పుడు అమ్మ వేసినట్టే... కానీ ప్రతి మలుపుకూ ఇంకాస్త బిగుతు. నుదురు లాక్కుపోయింది. కనుబొమలు పైకి లేచాయి. కళ్ళు మూయాలనుకున్నాను. రెప్పలు దిగలేదు.

ఎదురుగా ఫొటో. రెప్ప వేయకుండా ఆ ఇద్దరినీ చూస్తూ కూర్చున్నాను. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఫొటోలో ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. మరి నా వెనక...

టింగ్... టింగ్. వంటింట్లో చెంచా ఆగింది.

వేళ్ళు కూడా ఆగాయి.

లేవబోయాను. తల వెనక్కి గుంజుకుపోయింది. చేత్తో తడిమితే తెలిసింది, జడ కొస కుర్చీ పేములోకి దూర్చి ముడేసి ఉంది. గోళ్ళతో పీకాను. తడి ముడి, రాదు. లాగాను. ఒక కుచ్చు తెగి పేములోనే ఉండిపోయింది. ఆంటీ అడుగుల చప్పుడు దగ్గరకు వచ్చేసరికి వేళ్ళతో జడ విప్పేసుకుని, ఎలాగో కూర్చోగలిగాను.

"ఏంటమ్మాయ్, ఏడ్చావా?"

"లేదాంటీ. కళ్ళు మండుతున్నాయి."

ఆంటీ తన ఆనందంలో తానున్నారు. కోపి చేతికిచ్చి చెప్పుకుపోతున్నారు. "తల్లి పేరే బిడ్డకు పెట్టారని నాకు తోచనే లేదు చూడు. మా ఇంట్లో ఆడపిల్లలందరికీ గాడ్‌మదర్ పేరే పెడతారు. నాకు పెట్టింది మా మేనత్త పేరు. బాప్తిస్మం నాడు ఎవరు చేతుల్లో ఎత్తుకుంటే వాళ్ళ పేరు."

"మీ దగ్గర నుంచి మొదలైందా ఆంటీ ఆ పద్ధతి?"

"నా దగ్గరా? యాకోబ్ తాత ఊరి పద్ధతి లా అది."

కోపి నా ఒళ్ళో ఒలికింది.

బిడ్డను చేతుల్లో ఎత్తుకుని తన పేరు పెట్టాలంటే ఆమె బతికి ఉండాలి. పురిట్లో తల్లి పోయిన ఇంట్లో ఎత్తుకునేది ఇంకెవరు, తల్లి తోబుట్టువు. రెగులా. పోయిన తల్లి వెరేనా. మంచం కోడుకు పిల్లను కట్టేసిన దాని పేరు నేను తల్లి చోట పెట్టించాను. తల్లిని 'అది' చేశాను.

మరి నా జడ వేసింది ఎవరు... బిడ్డకు దూరం చేసినందుకు నా మీద పగబట్టిన వెరేనానా? తల్లిగా రాతి మీదకు ఎక్కించినందుకు మెచ్చుకున్న రెగులానా? ఆ చేతిలో కోపం ఉందా, ముద్దు ఉందా... ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ బిగువులో రెండూ ఒకేలా ఉన్నాయి.

ఒలికిన కోపి తుడిచి, ఆంటీకి ఏమీ చెప్పకుండానే లేచాను. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాను. అమ్మ అన్నానికి పిలిచింది. "తలనొప్పి" అన్నాను. నిజంగానే నుదుటి పైన వెంట్రుకల వరుస ఎర్రగా కందిపోయి ఉంది.

తెల్లవారగానే పైకి వెళ్ళాను. ఆంటీ ఇనుప గేటు తీయలేదు. కటకటాల అవతల నిలబడి విన్నారు. జడ సంగతి చెప్పలేదు. గాడ్‌మదర్ సంగతి మాత్రం చెప్పాను. నేను పొరబడ్డానని, రాతి మీద వెరేనా ఉండాలని, ఇంకా చెక్కలేదేమో ఫోన్ చేయమని బతిమాలాను. నా జీవితంలో ఎవరితోనూ అంత సేపు మాట్లాడలేదు.

ఆంటీ నా జుట్టునే చూస్తున్నారు, పేములో మిగిలిన కుచ్చు కంటపడిందేమో. ఫోన్ చేస్తారో చేయరో చెప్పలేదు. ఆ రాయి మీద ఏ పేరు ఉందో ఈనాటికీ నాకు తెలియదు. ఆ గోడ దగ్గరకు వెళ్ళే ధైర్యం నాకు లేదు. అప్పటినుంచీ ఆంటీ లిఫ్టులో కనిపించినా తల తిప్పుకుంటారు.

ఆ పొద్దున తలుపు మూస్తూ అడిగారు, గొంతు బాగా తగ్గించి.

"రాత్రి ఒకదాని పేరు చెక్కమన్నావు. పొద్దున ఇంకోదాని పేరు చెక్కమంటున్నావు. నిజం చెప్పు అమ్మాయ్... ఆ ఇద్దరిలో నిన్ను ఎవరు పంపారు?"