మత్తు దిగినా పలకని గొంతు

ప్రాణులలో శ్వాసగా నిలిచి, ఆ శ్వాసనే పలుకుగా మలచే వాయుదేవునికి ముందుగా నమస్కరిస్తున్నాను. ఆయన రాకపోకలకు కాపలా ఉండడమే నా వృత్తి కనుక ఈ వందనం నాకు కేవలం ఆచారం కాదు.

శ్రీ క్రోధి నామ సంవత్సర ఆషాఢ శుద్ధ పంచమి, గురువారం. అనగా 2024 జూలై మాసం. స్థలం గోదావరిఖనిలోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. గని కార్మికుల నడుమనే నా ఉద్యోగకాలమంతా గడిచింది. పదవీవిరమణ అయ్యాక కూడా మత్తువైద్యం మానలేక అక్కడ పనిచేస్తున్నాను.

ఆ ఉదయం దేవదానం అనే షాట్‌ఫైరర్‌కు పిత్తాశయం తొలగించే శస్త్రచికిత్స జరగవలసి ఉంది. షాట్‌ఫైరర్ అంటే భూగర్భంలో బొగ్గుపొరకు తొలిచిన రంధ్రాలలో మందు కూరి పేల్చేవాడు. పేల్చడానికి ముందు చుట్టుపక్కల ఉన్నవారందరూ తప్పుకొనేలా కేక వేయవలసిన బాధ్యత కూడా అతనిదే. యాభై దాటిన మనిషి. వెడల్పాటి ఛాతీ, గది నిండే కంఠం. ఆదివారాలు చర్చిలో పాట ఎత్తుకొనేది కూడా ఆయనేనని భార్య సువార్తమ్మ నాతో గర్వంగా చెప్పింది.

థియేటరులో బల్లపై పడుకోగానే ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సారూ, మత్తుల ఏమన్న వాగుతనా? మా ఇంటామె బయటనే కూసున్నది."

"వాగలేవు. గొంతులో గొట్టం ఉంటుంది" అన్నాను నవ్వుతూ.

ఆ గొట్టాన్ని మేము ఎండోట్రేకియల్ ట్యూబ్ అంటాము. పూర్తి మత్తులో మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోడు. అందుచేత మెత్తని ప్లాస్టిక్ గొట్టాన్ని స్వరతంత్రుల నడుమ నుంచి శ్వాసనాళంలోకి దించి, దాని ద్వారా యంత్రంతో ఊపిరి పోస్తాము. లోపల అది కదలకుండా కఫ్ అనే చిన్న బుడగ గాలితో ఉబ్బి నిలుస్తుంది. దీనివల్ల గొంతు ఒకటి రెండు రోజులు నొప్పి పెట్టడం, బొంగురుపోవడం సాధారణం. ఈ సంగతి దేవదానానికి ముందే చెప్పాను.

"పేలుడు పొగ మింగినోళ్లం సారూ, గొట్టమెంత!" అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

గొట్టం తొలి ప్రయత్నంలోనే సాఫీగా దిగింది. శస్త్రచికిత్స నిర్విఘ్నంగా ముగిసింది. నేను తృప్తిగా ఇల్లు చేరాను.

మరునాడు ఉదయం వార్డుకు వెళ్లేసరికి అక్కడ పెద్ద నవ్వులాట సాగుతోంది. గనిలో డ్రిల్లు మోతకు మాట వినబడదు. అందుకని కార్మికులు టోపీకి ఉన్న దీపాన్ని ఊపి మాట్లాడుకుంటారు. తల అడ్డంగా ఆడిస్తే ఆగమని, నిలువుగా ఆడిస్తే రమ్మని అర్థం. దేవదానం మంచం మీద కూర్చుని, నుదుట దీపం ఉన్నట్టే తల ఆడిస్తూ అందరికీ బదులిస్తున్నాడు.

"ఈయన ఇంక బొగ్గుబాయిలనే ఉన్ననని అనుకుంటుండు సార్" అని నర్సు నవ్వింది.

సువార్తమ్మ అందుకుంది. "పెండ్లయిన కాన్నుంచి జర నోరు మూస్కోమని ప్రార్థన చేస్తున్న. ప్రభువు ఇన్నేండ్లకు విన్నడు!"

అదే షిఫ్టులో పనిచేసే స్నేహితుడు కొమురయ్య బెల్లం పొట్లం విప్పాడు. "ఇగ తిను బావా. దుమ్ము దిగినట్టు దిగుతది, గొంతు సాఫయితది." గనిలోంచి పైకి రాగానే బెల్లం నమలడం అక్కడివారి పాత అలవాటు.

నేనూ నవ్వాను. దేవదానం బెల్లం చప్పరించి నీళ్ల గ్లాసు అందుకున్నాడు. మెడ ఒక పక్కకు తిప్పి, కొద్దిగా గుటక వేసి, ముఖం చిట్లించి దగ్గాడు. మరొక గుటక, మళ్లీ దగ్గు. నా నవ్వు ఆగిపోయింది.

"దేవదానం, తల ఆడించవద్దు. నోటితో ‘ఈ’ అని దీర్ఘంగా పలుకు."

పలికాడు. గాలి వచ్చింది, నాదం రాలేదు. లోపలి నుంచి లేచిన వాయువు కంఠాన తగిలి నాదమవుతుందని మన పూర్వులు చెప్పారు. ఈ మనిషిలో వాయువు లేస్తూనే ఉంది, తగలవలసిన చోట తగలడం లేదు. గొట్టం ఒరుసుకున్న గొంతు మోటుగానైనా పలుకుతుంది. ఇది అటువంటిది కాదు.

దేవదానం గుసగుసగా అన్నాడు: "వస్తలేదు సారూ. నిన్నటిసంది వస్తలేదు."

"చెప్పలేదేమి?"

"ఆడోళ్లు భయపడతరని."

"ఆడోళ్లు ఎందరున్నరయ్యా నీకు? నేనొక్కదాన్నే గదా!" అని సువార్తమ్మ కసిరింది.

కొమురయ్య నన్ను పక్కకు పిలిచాడు. "కేకేసి ఒర్రలేనోనికి షాట్‌ఫైరర్ పనికి ఫిట్ అని రాయరు సార్. పైన ఏదన్న పని ఇస్తరు. గని దిగకుంటె మా బావ బతికున్నట్టే ఉండడు."

అది దేవదానం చెవిన పడింది. "జీతం సంగతి కాదు సారూ," అన్నాడు అదే గుసగుసతో. "నా కేక ఇన్నంక మా పోరలు ఎన్కకు తిరిగి సూడకుంట పోతరు. ఇన్నేండ్లల నా చేతి కింద ఒక్కనికి దెబ్బ తగలనియ్యలే."

శస్త్రచికిత్స చేసిన సహచరుడు ట్యూబు వేసినవారికి ఇది మామూలేనని, ఒక వారం చూద్దామని అన్నాడు. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ ఇది ఎదురుచూడవలసిన గొంతు కాదని నా అనుభవం గట్టిగా చెప్పింది. కరీంనగర్‌లో ఉన్న గొంతు వైద్యురాలు డాక్టర్ అఖిలకు ఫోను చేసి, ఆ మధ్యాహ్నమే దేవదానాన్నీ సువార్తమ్మనూ కారులో ఎక్కించాను. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనుక వానలో కొంతసేపు నిలిచిపోయాము.

అఖిల సన్నని కెమెరా గొట్టాన్ని ముక్కు గుండా దించింది. తెర మీద సంగతి తేటతెల్లమైంది. స్వరతంత్రుల వెనుక అరిటినాయిడ్ అనే చిన్న మృదులాస్థులు రెండుంటాయి. అవి తలుపు బందుల వలె తిరుగుతూ తంత్రులను మూస్తాయి, తెరుస్తాయి. ఎడమవైపుది ముందుకు ఒరిగిపోయింది. అందుచేత ఆ తంత్రి కదలక నిలిచింది, నడుమ సందు మూతపడడం లేదు; నీళ్లు అటు జారి దగ్గు వచ్చింది కూడా అందుకే. ట్యూబు ఎంత మెత్తగా వేసినా, ఏ బలప్రయోగమూ లేకపోయినా, బహు అరుదుగా ఇలా జరుగుతుంది.

"ఇప్పుడే నెట్టి సరిచేస్తే కుదురుకొనే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే ఆ వంకరలోనే బిగుసుకుపోవచ్చు" అంది అఖిల.

దేవదానం ఉలిక్కిపడ్డాడు. "మల్ల గొంతులకేనా? ఒకసారి పెట్టిందే గిట్ల జేసింది!"

నేను ఆయన ఎదుట కూర్చున్నాను. "ఇది నేను వేసిన గొట్టం వల్లనే జరిగింది దేవదానం. నీవు నన్ను నమ్మకపోతే అది న్యాయమే. వద్దంటే ఇక్కడికే ఆపుదాం. కానీ ఆపమని నేను సలహా ఇవ్వను."

ఆయన ఇలా అన్నాడు: "రంధ్రంల మందు పేలకపోతె మిస్‌ఫైర్ అంటం సారూ. దాన్ని ఇడిసిపెట్టి ఇంటికి పోం. ఎవడు వెట్టిండో వాడే దగ్గరుండి సూసుకోవాలె. మీరు ఉంటరా?"

"ఉంటాను. నీ తల దగ్గరే ఉంటాను."

"గట్లయితె కానియ్యుండ్రి."

ఈసారి పూర్తి మత్తు ఇవ్వలేదు. మనిషి మేల్కొని ఉంటేనే, మృదులాస్థి చోటు చేరిందో లేదో ఆయన పలుకే చెబుతుంది. లిగ్నోకెయిన్ అనే మందును పొరలు పొరలుగా చల్లి గొంతును మొద్దుబార్చడం నా పని. తొందరపడితే దగ్గు, తక్కువైతే నొప్పి, ఎక్కువైతే ప్రమాదం. వృద్ధాప్యంలోనూ నా చేయి ఆ కొలత మరువలేదని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. అఖిల వంకర తిరిగిన సాధనాన్ని లోపలికి పోనిచ్చి మెల్లగా వెనక్కి నెట్టింది. ‘ఈ’ అనమంది. గాలే వచ్చింది. దేవదానం నా మణికట్టు పట్టుకున్నాడు. బొగ్గు తొలిచిన ఆ చేతి పట్టు నా ఎముకకు తెలిసింది. ఆమె మరొకసారి నెట్టింది.

"ఈ..."

మోటుగా, చిన్నగా, తడబడుతూ వచ్చింది. కానీ అది నాదం. అఖిల తెర వంక చూపించింది: రెండు తంత్రులూ కలుస్తున్నాయి.

బయటకు తీసుకురాగానే ఆయన చేసిన మొదటి పని భార్య వైపు తిరగడం. "సువార్తా, పొద్దుగాలసంది ఏమన్న తిన్నవా?"

"అప్పుడే మొదలువెట్టినవా?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ తరువాత చాలా వారాలు స్వరాభ్యాసం సాగింది. కంఠం తిరిగి వచ్చింది, కానీ యథాతథంగా కాదు. చర్చిలో పాట ఇప్పుడు ఒక మెట్టు దిగువ శ్రుతిలో ఎత్తుకుంటున్నాడు; మిగిలినవారూ దానికే సర్దుకున్నారు. మూడు దశాబ్దాలకు పైగా వేలమందికి ఊపిరి పోసిన వృత్తి నాది. అయినా రోగి ఊపిరి తీసుకుంటున్నాడంటే నా పని పూర్తయినట్టు కాదని, అతడు పలికినప్పుడే పూర్తవుతుందని ఆ వార్డులో తెలుసుకున్నాను. మా ఆసుపత్రిలో గొట్టం వేసిన ప్రతివారూ మరునాడు మత్తువైద్యునితో నోరు విప్పి తమ పేరు, ఊరు చెప్పవలసిందే. తల ఊపితే ఒప్పుకోము. ఈ నియమం నేను పెట్టించిందని గర్వంగానే చెబుతాను.

2024 సెప్టెంబరు పందొమ్మిదిన జరిగిన వైద్యపరీక్షలో దేవదానం షాట్‌ఫైరర్ పనికి అర్హుడని తేలింది. మరునాడు మొదటి షిఫ్టులో గని దిగాడు.