నూనె తాగిన మడతబందు

మొన్న పాత లాప్‌టాప్‌లో ఉండిపోయిన ఫొటోలు తీయించుకుందామని ఖమ్మంలో ఒక రిపేరు దుకాణానికి వెళ్లాను. దుకాణం ఆయన మూత తెరిచి, తెరను నిలబెట్టి చెయ్యి తీశాడు. తెర మెల్లగా వంగి, కునికిపాట్లు పడే మనిషి తలలా కీబోర్డు మీద వాలిపోయింది. మళ్లీ నిలబెట్టాడు, మళ్లీ వాలింది. తెరకూ కీబోర్డుకూ మధ్యనుండే మడతబందు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. "దీంట్ల నూనె ఎవలు పోసిన్రు మేడమ్?" అన్నాడు. ఇంట్లోవాళ్లే అన్నాను. "ఇది తలుపు బందు కాదు గద. లోపల బిగుతుండాలె. ఆ బిగుతే తెరను పట్టుకునుంటది. నూనె పోస్తె ఇగ ఏడ నిలుస్తది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ ఆ తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. నలభై దాటినదాన్ని, ఉద్యోగం ఉంది, ఆఫీసులో నాకంటూ ఒక కుర్చీ ఉంది. అయినా ఇప్పటికీ ఎదురుగా ఉన్న తెర ఒక్క వేలెడు వంగితే భయంతో చెయ్యి చాచి పట్టుకుంటాను.

నూనె పోసింది మా చిచ్చా, అంటే మా నాన్న తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఆయనా, ఆయన భార్య మా చాచీ. భద్రాచలంలో గోదావరి వైపు దిగే మా సందు చివర ఆయనకు రేకు పెట్టెల దుకాణం ఉండేది. హాస్టల్ పిల్లల పెట్టెలు, పెళ్లి పెట్టెలు, పినపాక నుంచి వచ్చి చెప్పి చేయించుకునే పెద్ద ధాన్యం పెట్టెలు, అన్నీ ఆయన చేతివే. ఆయన చిన్నప్పుడొకసారి వరద నీళ్లు ఇంట్లోకి వస్తుంటే మా దాదీ, అంటే నాన్నమ్మ, పెట్టె తుప్పుపట్టి తెరుచుకోలేదట. అందులోని కాగితాలూ బట్టలూ పెట్టెతో సహా నానిపోయాయట. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక ఆచారం పడింది. గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని వినగానే చిచ్చా కుట్టుమిషన్ నూనె సీసా, ఒక కోడి ఈక పట్టుకుని బయలుదేరేవాడు. తలుపులు, కిటికీలు, పెట్టెలు, అలమార, చివరికి గొడుగు పుల్లలు కూడా వదలడు. ఒక ఏడు దాదీ కళ్లద్దాల బందులకూ రాశాడు. ఆ వానాకాలమంతా ఆమె కళ్లద్దాలు ముక్కు మీద నిలవక, ఖురాను చదివేటప్పుడు ఒక చేత్తో పట్టుకుని కూర్చునేది. అప్పుడన్నా ఆయనకు అర్థం కావాల్సింది. కాలేదు.

నేను చెప్పే రోజుకు నా కాంట్రాక్టు ఉద్యోగం పోయి ఏడాది దాటింది. ఒక పెద్ద ఆసుపత్రి రికార్డుల విభాగంలో ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. వయసు లెక్కన నాకదే ఆఖరి అవకాశం. ఇంట్లోనే కూర్చుని రాయాలి. అవతల ఎక్కడో ఒక మనిషి మన కెమెరాలోంచి మనల్నే చూస్తుంటాడు. కెమెరాలో ముఖం కనపడకపోయినా, గదిలోకి ఇంకో మనిషి వచ్చినా, మాటో పెద్ద మోతో వినపడినా హెచ్చరిక వస్తుంది. మూడో హెచ్చరికతో పరీక్ష మూసేస్తారు. గోదావరికీ మూడు హెచ్చరికలే, దీనికీ మూడేనా అని చాచీ ఆశ్చర్యపోయింది. నా లాప్‌టాప్ పాతది, బందు బిరుసెక్కి మూత తెరవాలంటే రెండు చేతులూ కావాల్సి వచ్చేది. ఆ సంగతి చిచ్చా ముందు ఒకసారి విసుక్కున్నాను. అదీ నా తప్పు. పరీక్ష రోజు తెల్లవారగానే మొదటి హెచ్చరిక వచ్చింది. ఆయన ఈక పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. నేను స్నానానికి వెళ్లిన వేళ నా బల్ల దగ్గరికి కూడా వచ్చాడు.

పది గంటలకు రెండు గంటల పరీక్ష మొదలైంది. బల్ల కిటికీకి ఆనించి ఉంది, కిటికీ అవతల అరుగు. మూత ఆ రోజు వెన్నలా తెరుచుకుంటే మంచి శకునమనుకున్నాను. యంత్రం వేడెక్కి నూనె లోపలికి దిగిందేమో, పదిహేను, ఇరవై నిమిషాలకు తెర వంగడం మొదలైంది. మూలన చిన్న గడిలో నా ముఖం కిందికి జారిపోయి నుదురే మిగిలింది. నిలబెట్టాను. ముందుకు వాలింది. వెనక్కి తోస్తే వెనక్కి పడింది. ఎడమ చేత్తో పట్టుకుంటే నా మోచెయ్యి ముఖానికి అడ్డం వచ్చి మొదటి హెచ్చరిక ఎర్రగా వెలిగింది. లేవకూడదు, పిలవకూడదు, పక్కకు చూడకూడదు.

చిచ్చా అరుగు మీద నుంచి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఏం చేశాడో ఆయనకు అప్పుడు తెలిసొచ్చినట్టుంది. ఒక్క క్షణం మాయమై, ఇనుప తీగను కొక్కెంలా వంచి తెచ్చి, కిటికీ చువ్వల మధ్య నుంచి చెయ్యి పెట్టి తెర మూలకు తగిలించాడు. పనిమంతుడే గానీ ఆ మూల నున్నగా ఉంది. రెండు ప్రశ్నలు దాటేసరికి కొక్కెం జారింది, తెర టపీమని పడింది, రెండో హెచ్చరిక వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటి. తరవాత తీగ రాలేదు. చెయ్యే వచ్చింది. బొటనవేలు తెర వెనక, రెండు వేళ్లు తెర ముందు మూలన. కెమెరాకు అందనంత దూరంలో. గోళ్లలో నల్లటి రేకు మసి. ఆ రెండు వేళ్లు తప్ప ఆయనలో ఇంకేమీ నాకు కనపడలేదు.

ఇది నేరమా అని అడిగితే ఈ రోజుకూ నాకు తెలియదు. ఒక్క జవాబు కూడా ఆయన చెప్పలేదు, చెప్పే చదువూ లేదు. కానీ ఆ వేళ్లను అవతలి మనిషి ఎలాగో చూసేస్తాడని, గంటన్నర పాటు ప్రతి ప్రశ్నకూ ముందు భయం చదువుకుని తరవాతే ప్రశ్న చదివాను. వాన పెరిగింది. దూరంగా మైకులో రెండో ప్రమాద హెచ్చరిక, కింది సందుల వాళ్లు ఖాళీ చేయాలని చెబుతున్నారు. వెనక గదిలో చాచీ గిన్నెలు సర్దుతోంది, చప్పుడు కాకుండా ఒక్కో గిన్నెకూ చీర చుట్టి. ఆ వేళ్లు మధ్యలో వణికేవి. వణికినప్పుడల్లా గడిలో నా ముఖం వణికేది. తెల్లగా మారేవి, మళ్లీ ఎర్రబడేవి. ఒక్కసారి కూడా వదల్లేదు.

అప్పుడే సందు చివర ఆటో హారన్ మోగింది. ఆగి ఆగి, పొడుగ్గా. ఈ మోతకు మూడో హెచ్చరిక వచ్చి తీరుతుందనుకున్నాను. తెర మీద కళ్లు పెట్టుకునే, యా అల్లా, ఆ హారన్ ఆపెయ్యి అని మనసులో దువా చేశాను. చాచీ చెప్పుల్లేకుండా బయటికి పరుగెత్తిన అలికిడి వినపడింది. కాసేపటికి హారన్ ఆగింది. నా మొర విన్నాడు అనుకున్నాను. తరవాతి ఆరేడు ప్రశ్నలు నాకు చకచకా వచ్చాయి.

పరీక్ష ముగిసి నేను అరుగు మీదికి వచ్చేసరికి చిచ్చా చెయ్యి ఇంకా చువ్వల మధ్యే ఉంది. దించలేకపోతున్నాడు. నేనూ చాచీ కలిసి మెల్లగా బయటికి లాగాం. సగం ఒళ్లు చూరు నీళ్లకు తడిసి ముద్దయింది. "మంచిగ రాసినవా బేటా?" అన్నాడు. రాశానన్నాను. "నాకేం తెల్సు, తలుపు లెక్కనే అనుకున్న" అన్నాడు తల దించుకుని. తరవాత చెప్పులు వేసుకుని దుకాణం వైపు నడిచాడు. అప్పటికే దుకాణంలో మోకాళ్ల దాకా నీళ్లు. మేం ముగ్గురం మూటలతో పునరావాస కేంద్రానికి వెళ్లి నాలుగు రోజులున్నాం. నీళ్లు తీశాక చూస్తే కొత్త రేకులన్నీ బురదలో ఉన్నాయి. మా తాత కాలం నాటి, రేకు మడిచే మిషన్ తుప్పు పట్టి బిగిసిపోయింది. ఆయన మళ్లీ దుకాణం తెరవలేదు. వయసైపోయింది కదా అని అందరితో అన్నాడు. నేనూ అదే నమ్మాను.

ఉద్యోగం వచ్చింది. చేరడానికి బయలుదేరే రోజు చాచీ నా సంచీలో రొట్టెలు పెడుతూ, మామూలు మాటలా అసలు సంగతి చెప్పింది. ఆ హారన్ చిచ్చా పిలిపించుకున్న ట్రాలీ ఆటోది. మిషనూ రేకులూ మెరకకు చేర్చడానికి ఆ పొద్దున్నే మాట్లాడి పెట్టుకున్నాడు. "ఇప్పుడు రాడు, సప్పుడు చెయ్యకు భాయ్ అని నేనే పంపించిన. ఆడ వేరేటోళ్లు ఎదురు చూస్తున్నరని జల్దీ పోయిండు" అంది. నేను అరుగు మీదికి వెళ్లి, నాకెందుకు చెప్పలేదు చిచ్చా అని అడిగాను. "ఆటో మల్ల వస్తదనుకున్న బేటా" అన్నాడు.

నా దువా నిజంగానే ఫలించింది. ఇన్నేళ్లూ నన్ను భయపెడుతున్నది తెర వంగడం కాదని, ఆ దువా అని ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నాను. ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయో ఆ పూట నా తెర పైన కనపడుతూనే ఉంది, నేను క్షణానికోసారి చూసుకుంటూనే ఉన్నాను. కిటికీ అవతల మనిషికి ఎన్ని మిగిలాయో నేను చూడలేదు. ఆయన మాత్రం, సందు చివర నీళ్లు ఎక్కడం కళ్లారా చూస్తూ, తన కాలమంతా నా గంటన్నరలో పోసి నిలబడ్డాడు.